ముందు ఇంజక్టర్, ఆ తర్వాతే వీఈ టేబుల్: పాత ఎస్టీమ్‌కు స్పీడుయినోతో మిక్చర్ సెట్ చేసిన అనుభవం

బండి మారుతి ఎస్టీమ్. ఇంజన్ జీ13బీబీ: 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, 74 మిల్లీమీటర్ల బోర్, 75.5 మిల్లీమీటర్ల స్ట్రోక్. టర్బో లేదు, కామ్ కంపెనీదే. కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) తీసేసి ఆర్డుయినో మెగా 2560 మీద నడిచే స్పీడుయినో అనే ఈసీయూ బోర్డు పెట్టాం. ల్యాప్‌టాప్‌లో దాన్ని సెట్ చేసే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్. ఇది ట్రాక్‌కు మాత్రమే వాడే బండి, ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్తాం. రోడ్డు మీద తిరిగే బండికి ఇలాంటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, కాబట్టి ఆఫీసుకు వెళ్లే బండి మీద ఈ ప్రయోగాలు వద్దు.

స్పీడుయినో పెట్రోల్ లెక్క సూటిగా ఉంటుంది. ఇంజక్టర్ తెరిచి ఉండే సమయం అంటే రిక్వైర్డ్ ఫ్యూయల్ (సిలిండర్ నిండా గాలి ఉంటే ఇంజక్టర్ తెరిచి ఉండాల్సిన సమయం) అనే అంకెను వీఈతో, మ్యాప్‌తో (ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి), మిగతా సవరణలతో గుణించి, టార్గెట్‌తో (మనకు కావాల్సిన మిక్చర్) భాగించి, చివర్లో ఇంజక్టర్ డెడ్ టైమ్ (తెరుచుకోవడంలో జాప్యం) కలపడం. వీఈ (వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ) అంటే ఆ ఆర్‌పీఎంలో, ఆ లోడ్‌లో సిలిండర్ ఎంత శాతం గాలి పీల్చుకుంటోందో చెప్పే అంకె. సైలెన్సర్ పైపులో ఉండి మిక్చర్ కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌కు కనిపించేది మాత్రం ఈ లెక్కంతా అయ్యాక మిగిలిన ఫలితమే. లీన్ (పెట్రోల్ తక్కువ) చూపిస్తోందంటే తప్పు వీఈలో ఉండొచ్చు, డెడ్ టైమ్‌లో ఉండొచ్చు, గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌లో ఉండొచ్చు, పెట్రోల్ ప్రెషర్‌లో ఉండొచ్చు. ఏది తప్పయినా వీఈ టేబుల్‌లోనే దిద్దుకుంటూ పోతే మోకాలికి దెబ్బ తగిలితే తలకు కట్టు కట్టినట్టే. ఆ పూటకు బండి బాగానే నడుస్తుంది, ఎండ ముదిరినా బ్యాటరీ వోల్టేజ్ పడినా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మేం వీఈ టేబుల్‌ను వీలైనంత వెనక్కి నెట్టి, మిగతావన్నీ ముందు తేల్చుకున్నాం.

మొదట ఇంజన్. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దగ్గరదగ్గరగా ఉండాలి, ప్లగ్గుల గ్యాప్ సమానంగా ఉండాలి, ఇంటేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీక్ ఉండకూడదు. పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ పైపు తప్పనిసరిగా ఉండాలి. అది ఉంటేనే ఇంజక్టర్‌కు అటూ ఇటూ ఉండే ప్రెషర్ తేడా ఎప్పుడూ 3 బార్‌గా ఉంటుంది. పైపు ఊడదీసి ఉంటే ఐడ్లింగ్‌లో ఒక తేడా, ఫుల్ థ్రాటిల్‌లో ఇంకో తేడా వస్తుంది, ఇంజక్టర్ ఫ్లో మారిపోతుంది. మ్యాప్ సెన్సర్‌కు వెళ్లే పైపును ఈ రెగ్యులేటర్ పైపుతో టీ వేసి కలపొద్దు. ఏదో ఒక్క సిలిండర్ రన్నర్ (ఆ సిలిండర్‌కు వెళ్లే గాలి గొట్టం) నుంచీ తీయొద్దు, నాలుగిటికీ ఉమ్మడిగా ఉండే ప్లీనమ్ నుంచి విడిగా తీయాలి. ఒక్క రన్నర్ నుంచి తీస్తే ఐడ్లింగ్‌లో మ్యాప్ రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది.

పాత బండి కాబట్టి ఇంధనం పైపులు కూడా చూసుకోవాలి. బంకుల్లో 2023లో మొదలైన ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా వస్తోంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. ఎస్‌ఏఈ జే30ఆర్9 అని ముద్ర ఉన్న ఇంజక్షన్ హోస్ వేశాం, టైట్ చేసే క్లిప్పులు కూడా ఇంజక్షన్‌వే. కర్బ్యురేటర్ బండికి వాడే మామూలు పైపు 3 బార్ దగ్గర నమ్మకమైనది కాదు.

ట్యాంకులో పోసింది నిజంగా ఎంత ఇథనాలో తెలియాలంటే ఒక కొలజాడీ చాలు. 80 మిల్లీలీటర్ల పెట్రోల్, 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది పొర 20 నుంచి 36 దగ్గరికి పెరిగితే 16 మిల్లీలీటర్లు దిగినట్టు, అంటే 20 శాతం. ల్యాబ్ లెక్క కాదు గానీ ఈ10నా ఈ20నా అన్నది తేలిపోతుంది. ఖర్చు పెట్టాలనుకుంటే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ ఉంది: ఇథనాల్ లేకపోతే 50 హెర్ట్జ్, పూర్తిగా ఇథనాలైతే 150 హెర్ట్జ్ ఇస్తుంది, ఈ20కి 70 దగ్గర ఉంటుంది. స్పీడుయినో దాన్ని నేరుగా చదువుతుంది.

ఇథనాల్ శాతం ఎందుకంత ముఖ్యమంటే, ఉట్టి పెట్రోల్ పూర్తిగా మండటానికి ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు, ఈ20కి లెక్క కడితే 13.5 వస్తుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. వైడ్‌బ్యాండ్ మీటర్ కొలిచేది ఏఎఫ్‌ఆర్ (గాలి, ఇంధనాల బరువుల నిష్పత్తి) కాదు, లాంబ్డా (ఉన్న గాలిని పూర్తిగా మండటానికి కావాల్సిన గాలితో భాగిస్తే వచ్చేది). ఆ లాంబ్డాను 14.7తో గుణించి పెట్రోల్ స్కేలు మీద అంకె చూపిస్తుంది. ఈ20 పోసినా సరే, మిక్చర్ సరిగ్గా ఉంటే మీటర్ 14.7 అనే చూపిస్తుంది. ఈ20కి 13.5 కదా అని టార్గెట్ టేబుల్‌లో 13.5 కొట్టి, మీటర్‌ను పెట్రోల్ స్కేలులోనే వదిలేస్తే నిజంగా వచ్చేది 0.918 లాంబ్డా, అంటే ఎనిమిది శాతం రిచ్ (పెట్రోల్ ఎక్కువ). అందుకే టార్గెట్, మీటర్, లాగ్ మూడూ లాంబ్డాలోనే పెట్టుకున్నాం. 1.00 అంటే సరిగ్గా సరిపోయింది, 0.88 అంటే 12 శాతం గాలి తక్కువ. ఏ ఇంధనానికైనా అదే భాష.

రిక్వైర్డ్ ఫ్యూయల్‌ను కూడా చేత్తో లెక్క కట్టుకోవడం మంచిది, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె నమ్మొచ్చో లేదో తెలుస్తుంది. ఒక సిలిండర్ 324.5 సీసీ. 100 కిలోపాస్కల్, 21 డిగ్రీల దగ్గర అందులో పట్టే గాలి సుమారు 0.385 గ్రాములు. 13.5తో భాగిస్తే 0.0285 గ్రాముల ఇంధనం. మా ఇంజక్టర్లు నిమిషానికి 240 సీసీవి, అంటే సెకనుకు 4 సీసీ, బరువులో సుమారు 3 గ్రాములు. కాబట్టి 9.5 మిల్లీసెకన్లు. 6500 ఆర్‌పీఎంలో ఒక పూర్తి సైకిల్ 18.5 మిల్లీసెకన్లు. వీఈ 95 ఉండి, లాంబ్డా 0.88 కావాలంటే 10.3 మిల్లీసెకన్ల ఇంధనం, సైకిల్‌కు రెండు చిమ్ముల డెడ్ టైమ్ 2.2తో కలిపి 12.5. దాదాపు 68 శాతం డ్యూటీ, అంటే సైకిల్‌లో ఇంజక్టర్ తెరిచి ఉండే భాగం. 85 దాటనంతవరకు భయం లేదు. ఇవి హై ఇంపీడెన్స్ ఇంజక్టర్లు, బోర్డుకు నేరుగా పెట్టొచ్చు. రెండు మూడు ఓమ్‌ల లో ఇంపీడెన్స్‌వి దొరికితే రెసిస్టర్లు లేకుండా పెట్టొద్దు, డ్రైవర్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి.

ఇక డెడ్ టైమ్. ఇంజక్టర్‌కు కరెంటు ఇచ్చిన క్షణానికీ అది నిజంగా తెరుచుకునే క్షణానికీ మధ్య జాప్యం ఉంటుంది, మూసుకునేటప్పుడు కూడా కొంత ఉంటుంది. రెండిటి తేడానే డెడ్ టైమ్. ఇది ఎంత ముఖ్యమో ఐడ్లింగ్ లెక్క చూస్తే అర్థమవుతుంది. మ్యాప్ 35 కిలోపాస్కల్, వీఈ 45 అనుకుంటే 9.5లో మిగిలేది 1.5 మిల్లీసెకన్లే. మా బండికి కామ్ సెన్సర్ కలపలేదు, కాబట్టి సీక్వెన్షియల్ (ఒక్కో సిలిండర్‌కు దాని వంతులో చిమ్మడం) కాదు, సైకిల్‌కు రెండుసార్లు చిమ్ముతుంది. ఒక్కో చిమ్ముకు 0.75 మిల్లీసెకన్లు. డెడ్ టైమ్ 1.1 ఉన్నచోట మనం 0.9 అని కొడితే ప్రతి చిమ్ముకూ 0.2 తగ్గుతుంది, సైకిల్‌కు 0.4. అంటే 1.5లో 27 శాతం పోయినట్టు. అదే ఫుల్ థ్రాటిల్‌లో 10 మిల్లీసెకన్లలో 0.4 పోతే నాలుగు శాతమే. ఈ తప్పును వీఈ టేబుల్‌లో దిద్దితే కింది ఎడమ మూల ఉబ్బిపోయి, పైన మామూలుగా ఉంటుంది. ఇంజన్ పీల్చుకునే తీరుకూ ఆ టేబుల్ ఆకారానికీ సంబంధమే ఉండదు.

ఇంటర్నెట్‌లో దొరికే డెడ్ టైమ్ అంకెలు వేరే ప్రెషర్‌కు, వేరే పార్ట్ నంబర్‌కు చెందినవై ఉంటాయి. కొలుచుకోవడం కష్టమేమీ కాదు. ఇంజక్టర్ క్లీనింగ్ మెషిన్ ఉన్న ఏ షెడ్డులోనైనా ఎన్ని పల్సులు, ఒక్కోటి ఎన్ని మిల్లీసెకన్లు అని సెట్ చేసే వీలుంటుంది. ప్రెషర్ 3 బార్‌కు పెట్టి, ఇంజక్టర్‌కు వెళ్లే వోల్టేజ్‌ను మీటర్ పెట్టి చూసుకోవాలి. ముందు 3 మిల్లీసెకన్లతో 2000 పల్సులు, తర్వాత 6 మిల్లీసెకన్లతో 2000 పల్సులు. ఉదాహరణకు మొదటిదానికి 15.2 సీసీ, రెండోదానికి 39.2 సీసీ వచ్చిందనుకోండి. తేడా 24 సీసీ, సమయం తేడా ఆరు సెకన్లు, కాబట్టి ఫ్లో సెకనుకు 4 సీసీ, నిమిషానికి 240. ఇప్పుడు 15.2ను 2000తో, మళ్లీ 4తో భాగిస్తే 1.9 మిల్లీసెకన్లు. ఇచ్చింది 3, పనిచేసింది 1.9, డెడ్ టైమ్ 1.1. నాలుగు ఇంజక్టర్లనూ ఒకేసారి పెడితే వాటిలో ఏది ఎక్కువ పోస్తోందో కూడా తెలుస్తుంది. రెండు మూడు శాతం కన్నా ఎక్కువ తేడా ఉన్నదాన్ని పక్కన పెట్టేయడమే మేలు. ఒక సిలిండర్ లీన్‌గా, ఇంకోటి రిచ్‌గా ఉన్నా సెన్సర్‌కు కనిపించేది సగటే.

ఇదే పనిని 12 వోల్టులకూ, 14 వోల్టులకూ చేయాలి. వోల్టేజ్ తగ్గేకొద్దీ డెడ్ టైమ్ పెరుగుతుంది, ఆ అంకెలే వోల్టేజ్ సవరణ టేబుల్‌లోకి వెళ్తాయి. బండిలో పెట్టాక పరీక్ష తేలిక: ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్, బ్లోయర్ అన్నీ ఒకేసారి వేయండి. వోల్టేజ్ 14.1 నుంచి 13.3కి పడ్డా లాంబ్డా దాదాపు కదలకూడదు. ఫ్యాన్ తిరగగానే ఇంజన్ కుంగి ఆగిపోయేలా అవుతుందంటే ఐడిల్ వాల్వును తిట్టేముందు ఈ టేబుల్ చూడండి.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి దాదాపు ముప్పావు మీటరు దూరంలో బంగ్ (సెన్సర్ బిగించే మర) వెల్డ్ చేయించాం. సెన్సర్ పైపు పైభాగంలో, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి ఏటవాలుగా ఉండాలి. లేకపోతే చల్లగా ఉన్న సైలెన్సర్‌లో పేరుకున్న నీటి బొట్టు సెన్సర్ లోపల వేడెక్కిన సిరామిక్ మీద పడి, ఆ సిరామిక్ పగిలిపోతుంది. కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ను పైపులో వదిలేసి బండి నడిపినా మసి పట్టి పాడవుతుంది. వాడకపోతే తీసి బోల్టు బిగించండి.

సెన్సర్‌కు ముందు ఎక్కడైనా ఎగ్జాస్ట్ లీక్ ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని మీటర్ లీన్ చూపిస్తుంది, ముఖ్యంగా ఐడ్లింగ్‌లో. మిస్సింగ్ ఉన్నా అంతే. మండని పెట్రోల్‌తో పాటు మండటానికి వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే. బాగా రిచ్ అయి ప్లగ్గు తడిసి మిస్సింగ్ కొడుతున్నా మీటర్ లీన్ అనొచ్చు. అప్పుడు ఇంకా పెట్రోల్ పెంచితే ఇంకా చెడుతుంది. చెవికి మిస్సింగ్ వినిపిస్తున్నంతసేపు ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక ఎర్తింగ్. వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ నుంచి ఈసీయూకు వెళ్లేది 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్. ఏఈఎం ఎక్స్ సిరీస్ మీటర్‌లో ఒక వోల్టుకు 2.375 ఏఎఫ్‌ఆర్. అంటే ఎర్త్ తేడా 0.1 వోల్టు ఉన్నా దాదాపు 0.24 ఏఎఫ్‌ఆర్ తప్పు. మీటర్ డయల్ మీద ఒక అంకె, ట్యూనర్‌స్టూడియోలో ఇంకో అంకె కనిపిస్తే ట్యూనింగ్ ఆపేసి ఎర్త్ వైర్లు చూడాల్సిందే. మేం హీటర్ ఎర్త్‌ను ఇంజన్ బ్లాక్‌కు, సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు కలిపాం. ఏ మీటర్‌కు ఎలా కలపాలో దాని కాగితంలో ఉంటుంది, అదే పాటించండి.

క్రాంక్ పుల్లీకి 36-1 పళ్ల చక్రం (36 పళ్లలో ఒకటి తీసేసింది), ఆ పళ్లను అయస్కాంతంతో పసిగట్టే వీఆర్ సెన్సర్, బోర్డులో ఆ సిగ్నల్‌ను చక్కబెట్టే వీఆర్ కండిషనర్. సెన్సర్‌కూ పళ్లకూ మధ్య ఒక మిల్లీమీటరు లోపు గ్యాప్. పుల్లీని లేత్ మీద తిప్పించి, చక్రం వంకర లేకుండా చూసుకోవాలి. ట్యూనర్‌స్టూడియోలో టైమింగ్‌ను 10 డిగ్రీలకు లాక్ చేసి, టైమింగ్ లైట్ వేసి, పుల్లీ మీద గుర్తు కలిసేదాకా ట్రిగ్గర్ యాంగిల్ మార్చాలి. తర్వాత 3000కు రేస్ చేసి చూడాలి. గుర్తు జరిగిపోతుంటే వీఆర్ సెన్సర్ వైర్లు తారుమారైనట్టు. మాది వేస్టెడ్ స్పార్క్ (ప్రతి ప్లగ్గూ సైకిల్‌కు రెండుసార్లు స్పార్క్ ఇస్తుంది) కాబట్టి డయల్ ఉన్న లైట్లు కొన్ని రెట్టింపు చూపిస్తాయి, మామూలు లైటే నయం. టైమింగ్ సరిగా లేకుండా మిక్చర్ సెట్ చేయడం దండగ: టైమింగ్ మారితే ఐడ్లింగ్ మ్యాప్ మారుతుంది, మ్యాప్ మారితే టేబుల్‌లో వేరే గడికి వెళ్తుంది.

నీటి ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఐసు నీళ్లలో, గది ఉష్ణోగ్రతలో, మరుగుతున్న నీళ్లలో పెట్టి మూడు ఓమ్ రీడింగులు తీసుకుని ఎక్కించాం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 100 అని కొట్టకండి. ఇంజన్ ఆపి తాళం తిప్పితే మ్యాప్ సెన్సర్ చూపించేది బయటి గాలి ఒత్తిడి. హైదరాబాద్‌లో అది 95 కిలోపాస్కల్ అటూ ఇటూగా ఉండాలి. 101 చూపిస్తే కాలిబ్రేషన్ తప్పు.

ఇప్పుడు వీఈ టేబుల్. మ్యాప్‌కు 16 వరుసలు, ఆర్‌పీఎంకు 16 నిలువులు. నిలువుల్ని సమానంగా పంచడం కన్నా ఇంజన్ ఎక్కువగా ఉండేచోట దగ్గరదగ్గరగా వేయడం మంచిది: ఐడ్లింగ్ చుట్టూ 700, 900, 1100, 1400, ఆ పైన 500 చొప్పున. మొదలుపెట్టేముందు లాంబ్డా క్లోజ్డ్ లూప్ సవరణ (సెన్సర్‌ను చూసి ఈసీయూ తనంతట తాను పెట్రోల్ దిద్దుకోవడం) ఆపేయాలి. అది నడుస్తుంటే మనం చూసేది టేబుల్ తప్పు కాదు, సవరణ తర్వాత మిగిలింది. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (ఒక్కసారిగా తొక్కినప్పుడు అదనంగా పోసే పెట్రోల్) తగ్గించాలి, ఓవర్‌రన్ కట్ (కాలు తీసినప్పుడు పెట్రోల్ ఆపేయడం) ఆపాలి, నీళ్లు 80 డిగ్రీలు దాటాలి. టార్గెట్ లాంబ్డాను లెక్కలోకి తీసుకునే ఆప్షన్ మాత్రం ఆన్‌లోనే ఉంచాలి. అప్పుడు రేపు ఫుల్ థ్రాటిల్ టార్గెట్‌ను 0.88 నుంచి 0.86కు మార్చాలనిపిస్తే టార్గెట్ టేబుల్‌లో మార్చితే చాలు, వీఈ జోలికి వెళ్లక్కర్లేదు.

దిద్దే సూత్రం ఒకటే: కొత్త వీఈ అంటే పాత వీఈని కొలిచిన లాంబ్డాతో గుణించి టార్గెట్‌తో భాగించడం. గడిలో 62 ఉంది, టార్గెట్ 1.00, వచ్చింది 1.08 అయితే 67. గడి మధ్యలో కాకుండా నాలుగు గడుల మధ్య నడుస్తుంటే నాలుగూ కదపాలి.

ఐడ్లింగ్‌లో 1.00 కోసం పట్టుబట్టొద్దు. 0.95 నుంచి 0.98 దగ్గర ఇంజన్ నిమ్మళంగా ఉంటే అదే టార్గెట్. ఐడిల్ గడుల చుట్టూ ఉన్న అంకెలు చదునుగా ఉండాలి. ఆర్‌పీఎం కాస్త పడగానే పక్క గడిలో వీఈ తక్కువుంటే లీన్ అయి ఇంకా పడుతుంది, మళ్లీ ఎగురుతుంది, 700కూ 1200కూ మధ్య ఊగుతూనే ఉంటుంది. టైమింగ్ టేబుల్‌లో మాత్రం ఆర్‌పీఎం పడితే రెండు మూడు డిగ్రీలు అడ్వాన్స్ పెరిగేలా పెడితే ఇంజనే తనను తాను నిలబెట్టుకుంటుంది.

సగం థ్రాటిల్ లోపు భాగానికి ట్యూనర్‌స్టూడియో వీఈ అనలైజ్ లైవ్ బాగా పనికొస్తుంది, దానికి డబ్బు కట్టిన వెర్షన్ కావాలి. కానీ ఫిల్టర్లు సరిగా పెట్టకపోతే అది టేబుల్‌ను పాడుచేస్తుంది. నీళ్లు 70 డిగ్రీల లోపు ఉంటే వద్దు, థ్రాటిల్ వేగంగా కదులుతుంటే వద్దు, ఇంజక్టర్ పల్స్ సున్నా అయితే వద్దు. సెన్సర్ దూరంలో ఉంది కాబట్టి మిక్చర్ మార్పు కనిపించడానికి సమయం పడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ, పైన తక్కువ, ఆ జాప్యం టేబుల్ కూడా నింపాలి. దాన్ని పరీక్షించడానికి స్థిరంగా 2000లో ఉంచి, వీఈని ఒక్కసారిగా పది శాతం పెంచి, లాగ్‌లో లాంబ్డా ఎన్ని మిల్లీసెకన్లకు కదిలిందో చూడాలి. యంత్రం దిద్దిన టేబుల్‌ను త్రీడీ బొమ్మలో చూస్తే ఒక్క గడి గుట్టలా లేస్తుంది, పక్కది గోతిలా దిగుతుంది. నిజమైన ఇంజన్ అలా పీల్చదు. చేత్తో చదును చేయండి.

ఫుల్ థ్రాటిల్ భాగాన్ని ఆటోట్యూన్‌కు అప్పగించకూడదు. అక్కడ తప్పుకు మూల్యం పిస్టన్. డైనో (బండిని ఒకేచోట ఉంచి లోడ్ మీద నడిపే యంత్రం) ఉంటే మేలు, లేకపోతే మూసిన ట్రాక్ మీద మూడో గేర్‌లో 2500 నుంచి లాగి, పక్క సీటులో ఒకరు లాగ్ చూడాలి. నడిపేవాడు ల్యాప్‌టాప్ చూడకూడదు. పై మూడు వరుసల్లో వీఈ ముందే పది శాతం ఎక్కువ పెట్టి, టైమింగ్ రెండు మూడు డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టాం. మొదట 4500 వరకే, లాగ్ చూసి, దిద్ది, తర్వాత 5500, ఆ తర్వాత 6500. లాగుతుండగా లాంబ్డా 0.95 దాటితే కాలు తీసేయడమే. టర్బో లేని ఈ ఇంజన్‌కు 0.87, 0.88 చాలు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ క్రమంగా లీన్ అవుతోందంటే వీఈ పెంచేముందు పెట్రోల్ ప్రెషర్ గేజ్ చూడాలి. పంపు అలిసిపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా అదే లక్షణం. నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండే కొట్టుడు) శబ్దం వినడానికి బ్లాక్‌కు బోల్టుతో బిగించిన రాగి గొట్టం, దానికి రబ్బరు పైపు, చివర చెవులకు ఇయర్ మఫ్. ఖరీదైన మీటర్ లేనివాళ్లకు ఇదే మీటర్.

యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ వీఈ కుదిరాకే. ఒక్కసారిగా తొక్కితే మానిఫోల్డ్ గోడల మీద తడి పెరగాలి, ఆ పెట్రోల్ సిలిండర్‌కు చేరదు కాబట్టి క్షణం లీన్ అవుతుంది. మేం థ్రాటిల్ సెకనుకు 100 శాతం వేగంతో తెరిస్తే 20 శాతం, 300కు 50, 600కు 80 అని మొదలుపెట్టి కిందికి దిగాం. తొక్కగానే ముందు తడబడి తర్వాత లాగితే తక్కువైనట్టు, లాగబోయి మధ్యలో బొంగురుపోయి నల్ల పొగ వస్తే ఎక్కువైనట్టు. థ్రాటిల్ సెన్సర్ సిగ్నల్‌లో చిన్న వణుకు ఉన్నా ఇది దానంతటదే పనిచేసి ఐడ్లింగ్ రిచ్ చేస్తుంది, అందుకే కనీస వేగం హద్దు పెట్టుకోవాలి.

చలి స్టార్ట్ రోజుకు ఒక్కసారే పరీక్షించగలం, ఇంజన్ రాత్రంతా చల్లారాలి. ఈ20లో ఇథనాల్ ఆవిరవడానికి ఎక్కువ వేడి తీసుకుంటుంది కాబట్టి జనవరి ఉదయం 15 డిగ్రీల దగ్గర పాత పెట్రోల్ కన్నా క్రాంకింగ్‌లో ఎక్కువ పోయాల్సి వస్తుంది. 20 డిగ్రీలకు వార్మప్ 135 శాతం, 75 డిగ్రీలకు 100 శాతం, మధ్యలో నున్నగా. స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతే ఆఫ్టర్ స్టార్ట్ సవరణ చూడాలి, అర నిమిషం తర్వాత తడబడితే వార్మప్ చూడాలి. రెండిటినీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

మన ఎండలకు అసలు పరీక్ష వేడి స్టార్ట్. మే నెలలో సెషన్ ముగించి పది నిమిషాలు ఆపితే బానెట్ కింద వేడికి ఇంటేక్ గాలి సెన్సర్ 65 చూపిస్తుంది. ఈసీయూ లెక్కలో 30 డిగ్రీల గాలితో పోలిస్తే 65 డిగ్రీల గాలి పది శాతం పలచన, అందుకని పెట్రోల్ పది శాతం తగ్గిస్తుంది. కానీ వేడెక్కింది సెన్సర్ ఒళ్లు, లోపలికి వస్తున్న గాలి అంత వేడిగా లేదు. ఫలితం: వేడి స్టార్ట్ తర్వాత లీన్, ఐడ్లింగ్ ఊగడం, బండి కదిలాక దానంతటదే సర్దుకోవడం. దీన్ని వీఈలో దిద్దితే ఉదయం పూట రిచ్ అవుతుంది. సెన్సర్‌ను మానిఫోల్డ్ నుంచి తీసి, థ్రాటిల్‌కు ముందు ప్లాస్టిక్ పైపులో, ప్లాస్టిక్ ఒంటి సెన్సర్‌తో పెట్టాం. ఇంకా మిగిలిన దానికి 50 డిగ్రీల పైన గాలి సవరణ వాలును సగానికి తగ్గించాం.

ఇవన్నీ కుదిరాకే క్లోజ్డ్ లూప్ మళ్లీ వేశాం: 70 డిగ్రీల పైన, సగం థ్రాటిల్ లోపు, గరిష్ఠంగా ఐదు శాతం. అది ఎప్పుడూ నాలుగైదు దగ్గర ఆనుకుని కూర్చుంటే టేబుల్‌లో పని మిగిలినట్టు. ఓవర్‌రన్ కట్ 2000 పైన, థ్రాటిల్ 2 శాతం లోపు.

ఒక విషయం ట్రాక్ ప్రయాణానికి ముందే చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఫుల్ థ్రాటిల్‌లో మ్యాప్ 93 దగ్గరే ఆగుతుంది, 100 వరుసకు ఇంజన్ ఎప్పుడూ చేరదు. ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ సర్క్యూట్ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది, అక్కడ 99 దాకా వెళ్తుంది. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే ఈ రెండిటి మధ్య. ఇక్కడ ముట్టుకోని ఆ పై వరుసలు ఖాళీగానో, సాఫ్ట్‌వేర్ మొదట్లో ఇచ్చిన అంకెలతోనో ఉంటే అక్కడ మొదటి ల్యాప్‌లోనే లీన్ అవుతుంది. 85 నుంచి 93కు వీఈ ఎంత పెరిగిందో చూసి, అదే వాలుతో 100కు, 105కు పొడిగించి, దానిపైన మూడు శాతం కలిపి పెట్టాం. అక్కడి మొదటి సెషన్ లాగ్ తీసుకుని ఆ రెండు వరుసలు మాత్రమే దిద్దాలి. కింది వరుసలు కదిపే అవసరం కనిపిస్తే గాలి ఒత్తిడి రీడింగ్‌నో మ్యాప్ పైపునో చూడండి.